కలబంద గుజ్జు రాస్తే ముఖం దురద పెడుతోంది: లోపం మొక్కదా, చర్మానిదా?

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు ఫ్లాటు, పడమటి వైపు బాల్కనీ, ఏడాది కిందట నర్సరీలో కొన్న కలబంద. ఎండాకాలం నుంచి దాని ఆకులు పలుచబడి ఎర్రబారుతున్నాయి. వాటినే కోసి, గుజ్జులో కొంచెం నిమ్మరసం పిండి ముఖానికి రాసుకుంటున్నారు. కాసేపటికే దురద, ఆపైన మంట, మర్నాటికి బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు. దుకాణంలో కొన్న జెల్ రాసినప్పుడు ఈ ఇబ్బంది లేదు. మొక్క మంచిది కాదా, లేక మీ చర్మానికి కలబందే పడదా అన్నది మీ ప్రశ్న.

చాలావరకు ఆ రెండూ కాకపోవచ్చు. దురద పెట్టేది తొక్క కింద ఉండే పసుపు పాలు; దానికి నిమ్మరసం తోడయింది. ఆకును కోసి శుభ్రం చేసే పద్ధతి మార్చుకుని, నిమ్మరసం పూర్తిగా మానేస్తే ఈ ఇబ్బంది పోయే అవకాశమే ఎక్కువ. అయితే ప్రస్తుతం ముఖానికి ఏమీ రాయకండి. ఎర్రదనం పూర్తిగా తగ్గేవరకు మంచినీళ్లతో కడుక్కోవడం, మీకు ఇదివరకే అలవాటున్న సాదా మాయిశ్చరైజర్ రాసుకోవడం చాలు. రెప్పలు వాచినా, దద్దుర్ల నుంచి రసి కారినా, నాలుగైదు రోజుల్లో తగ్గకపోయినా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. నేను మేడ్చల్ వైపు ఔషధ మొక్కల నర్సరీ నడుపుతున్నాను, వైద్యుణ్ణి కాను. మొక్క గురించి, ఆకు వాడకం గురించి మాత్రమే నమ్మకంగా చెప్పగలను.

ఆకును అడ్డంగా కోసి వెలుతురులో చూడండి. బయట ఆకుపచ్చ తొక్క ఉంటుంది, మధ్యలో గాజులా కనిపించే గుజ్జు ఉంటుంది. ఈ రెండింటి మధ్య, తొక్కకు ఆనుకుని, సన్నని నాళాల వరుస ఒకటి ఉంటుంది. కత్తి దిగిన కొన్ని క్షణాలకే ఆ వరుస వెంబడి పసుపు చుక్కలు తేలి, కలిసి ధారగా కిందికి జారతాయి. గాలి తగిలేకొద్దీ ఆ పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. బట్ట మీద పడితే మరక పోదు, నాలుకకు తగిలితే చేదు చాలాసేపు వదలదు. అందులో ప్రధానంగా ఉండేది అలోయిన్ అనే పదార్థం. ఈ పాలనే ఎండబెట్టి గట్టిపరిచినదాన్ని మనవాళ్లు ముసాంబరం అంటారు. బెణుకులకు, వాపులకు పట్టు వేయడానికి, విరేచనానికి వాడే ఆ నల్లటి గడ్డ మూలికల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. విరేచనం చేయించేంత ఘాటైన పదార్థం బుగ్గల మీది పలుచని చర్మానికి తగిలితే దురద పెట్టడంలో వింత లేదు.

గుజ్జు సంగతి వేరు. అందులో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన కొద్దిపాటిలో జిగురు చక్కెరలు, ఖనిజాలు, కొన్ని ఆమ్లాలు ఉంటాయి. చర్మం మీద తేమను పట్టి ఉంచేది ఆ జిగురే. గుజ్జు పడని వారు కూడా ఉన్నారు, కానీ తక్కువ. ఉల్లి, వెల్లుల్లి ముట్టుకుంటే చేతులు దురద పెట్టేవారు మాత్రం కలబందతోనూ జాగ్రత్తగా ఉండాలి.

ఇంటర్నెట్‌లో చాలామంది చూపించే పద్ధతి ఏమిటంటే, ఆకును కోసిన వెంటనే నిలువునా చీల్చి, చెంచాతో గీరి, ఆ గుజ్జును నేరుగా ముఖానికి పూసుకోవడం. చెంచాతో గీరినప్పుడు తొక్కకు అంటి ఉన్న పసుపు పాలు మొత్తం గుజ్జులో కలిసిపోతాయి. నేను చెప్పే పద్ధతికి అరగంట ఎక్కువ పడుతుంది, అంతే తేడా. మొక్కకు అన్నిటికన్నా కింద, బయటి వరుసలో ఉన్న ముదురు ఆకును మొదలంటా కోయండి. కోసిన మొదలు కిందికి ఉండేలా ఒక గ్లాసులో ఏటవాలుగా నిలబెట్టి, ధార ఆగేవరకు, అంటే ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు, వదిలేయండి. తరువాత ఆకును కడిగి, మొదట్లో ఒక అంగుళం, కొసన ఒక అంగుళం తీసేయండి. రెండు పక్కలా ముళ్ల అంచులను లోతుగా చెక్కేయండి. తొక్కను పలుచగా తీయకండి. గుజ్జు కొంచెం పోయినా పరవాలేదనుకుని మందంగా తీయండి; ఆ నాళాల వరుస తొక్కతో పాటే వెళ్లిపోవాలి. మిగిలిన గుజ్జు ముక్కను రెండు మూడుసార్లు నీళ్లలో ముంచి కడగండి. ఆ కడిగిన నీళ్లలో పసుపు ఛాయ కనిపించకూడదు, గుజ్జును నాలుకకు తాకిస్తే చేదు ఉండకూడదు. ఇంట్లో చేయదగ్గ పరీక్షల్లో ఇంతకన్నా నమ్మదగినది నాకు తెలియదు.

ఇంకొక చిన్న విషయం. కలబంద పగలు ఆకు రంధ్రాలను మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకునే రకం మొక్క. అలా రాత్రంతా పీల్చుకున్నదాన్ని ఆకులో మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో ఖర్చు పెట్టుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున ఆకులో పులుపు ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. సున్నితమైన చర్మం ఉన్నవారికి నేను సాయంత్రం పూట కోయమని చెబుతాను. తేడా చిన్నదే, అయినా ఖర్చు లేని జాగ్రత్త. దిష్టి కోసం గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసిన కలబంద నెలల తరబడి నీళ్లు లేకుండా బతకడానికి పగటిపూట నీరు పోనివ్వని ఈ ఏర్పాటు కూడా ఒక కారణం.

ఇక నిమ్మరసం. గుజ్జు స్వతహాగానే కొంచెం ఆమ్ల గుణం కలది. దానికి నిమ్మ చేరిస్తే చర్మం ఓర్చుకోలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, నిమ్మజాతి పండ్ల రసంలో, తొక్క నూనెలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్లు బొబ్బలు లేచి, తరువాత నెలల తరబడి నల్లటి మచ్చలు మిగులుతాయి. రంగు తేలడం కోసం నిమ్మ రాసుకుని హైదరాబాద్ ఎండలో బండి మీద ఆఫీసుకు వెళ్లే వాళ్లకు కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైన ఫలితం రావచ్చు. పసుపు, శనగపిండి, తేనె కలపడం మీ ఇష్టం, కానీ ఒకేసారి నాలుగు కలిపితే ఏది పడలేదో ఎన్నటికీ తేలదు. మొదట కలబంద ఒక్కదాన్నే చూసుకోండి.

చర్మం మామూలు స్థితికి వచ్చాక, శుభ్రం చేసిన గుజ్జును ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రాసి ఒకటి రెండు రోజులు గమనించండి. ఏమీ కాకపోతే దవడ కింద ఒక చిన్న చోట, ఆ తరువాతే ముఖానికి. ఇంత శుభ్రం చేశాక కూడా ముంజేతి మీద దద్దురు లేస్తే అప్పుడు మీ చర్మానికి కలబంద పడదని నమ్మవచ్చు, ఆ ప్రయత్నం మానుకోవచ్చు.

మొక్క మంచిదేనా అన్న ప్రశ్నకు ఫొటో లేకుండా పూర్తి సమాధానం చెప్పలేను, కానీ గుర్తులు చెబుతాను. చర్మానికి వాడే కలబంద ఎదిగాక ఆకులు దళసరిగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటాయి. చిన్నప్పుడు ఉండే తెల్ల చుక్కలు వయసుతో దాదాపుగా మాసిపోతాయి. పూత వస్తే పూలు పసుపు రంగులో ఉంటాయి. పెద్దయ్యాక కూడా చుక్కలు దట్టంగా ఉండి, పొట్టిగా పరుచుకుని, నారింజ రంగు పూలు పూసే అలంకరణ రకాలు నర్సరీల్లో అదే పేరుతో అమ్ముడవుతుంటాయి. అవి కుండీకి అందం, ముఖానికి మాత్రం వాడవద్దు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు కిత్తనారను కలబంద అనుకోవడం. పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన కంచెలా పెరిగే ఆ మొక్క ఆకు చివర సూదిలాంటి గట్టి ముల్లు ఉంటుంది. ఆకును విరిస్తే నార సాగుతుంది. దాని రసంలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటం వల్ల తగిలినచోట చర్మం భగ్గుమంటుంది. ఊరి నుంచి తెచ్చుకున్న కలబంద అంటూ మా దగ్గరకు చూపించడానికి తెచ్చిన ఆకుల్లో కిత్తనార ఆకులు కూడా ఉంటుంటాయి. కలబంద ఆకు చివర మెత్తగా ఉంటుంది, విరిస్తే నార రాదు.

ఇప్పుడు మీ కుండీ దగ్గరకు వద్దాం, ఎందుకంటే అసలు వైద్యం దానికే కావాలి. మీరు చెప్పిన రెండు లక్షణాలు, ఎర్రబారడం, పలుచబడడం, ఒకే కారణం వల్ల వచ్చి ఉండవలసిన పని లేదు.

ఎర్రబారడం ఎండ వల్ల. పడమటి బాల్కనీ అంటే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేవరకు నేరుగా ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే వేడిలో సిమెంటు గోడ కాగి, చీకటి పడ్డాక కూడా కుండీకి వేడి కొడుతూనే ఉంటుంది. కలబంద ఎండను ఇష్టపడే మొక్కే, అరేబియా ద్వీపకల్పపు ఎడారి నేల దాని పుట్టిల్లు. కానీ అక్కడ దాని వేళ్లు నేలలో ఉంటాయి, కాగిన ప్లాస్టిక్ కుండీలో కాదు. ఎండ మితిమీరినప్పుడు తనను కాపాడుకోవడానికి ఎర్రటి రంగును తెచ్చుకుంటుంది. అది జబ్బు కాదు. నీడ పట్టున పెడితే కొన్ని వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడేచోటుకు మార్చండి. తూర్పు బాల్కనీ లేకపోతే ఎండాకాలం మూడు నెలలు ఆకుపచ్చ షేడ్‌నెట్ ఒక పొర కడితే సరిపోతుంది.

పలుచబడడానికి మాత్రం రెండు కారణాలు ఉండవచ్చు, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. నీళ్లు చాలకపోతే ఆకు పలుచబడి లోపలికి ముడుచుకుంటుంది. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా అలాగే పలుచబడుతుంది, ఎందుకంటే తాగడానికి వేళ్లు లేవు. రెండో సందర్భంలో ఆకు పలుచబడిందని ఇంకా నీళ్లు పోస్తే మొక్క మొదలంటా మెత్తబడి పడిపోతుంది. నర్సరీకి తిరిగి వచ్చే కలబందలలో ఎక్కువ భాగం ఇలా చనిపోయినవే. నీళ్లు పోసేముందు వేలును రెండు కణుపుల లోతు మట్టిలో దించి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉన్నా ఆకు వడలి ఉంటే, మొక్కను కుండీ నుంచి బయటకు తీయవలసిందే. మంచి వేరు గట్టిగా, లేత పసుపు రంగులో ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగుకు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే పైపొర జారిపోతుంది. కుళ్లినవన్నీ కత్తిరించి, మొక్కను నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, పొడి మట్టిలో నాటి, ఇంకో వారం దాకా నీళ్లు పోయకండి. ఇలా చేయమంటే చాలామందికి మనసొప్పదు, కానీ కలబంద బతికేది ఈ పద్ధతిలోనే.

మీ మొక్కను కొన్నప్పటి మట్టితోనే కుండీలో దించి ఉంటే అనుమానం ఆ మట్టి మీదే. హైదరాబాద్ నర్సరీలకు మొక్కలు చాలావరకు కడియం వైపు నుంచి వస్తాయి. దూర ప్రయాణానికి విడిపోకుండా వేళ్ల చుట్టూ గట్టి మట్టి ముద్ద ఉంటుంది. చుట్టూ ఎంత మంచి మిశ్రమం నింపినా మధ్యలో ఆ ముద్ద నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, లేదా ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లే తాగదు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాలో కొన్నా, మా దగ్గర కొన్నా, ఆ ముద్దను నీళ్లలో నానబెట్టి విడగొట్టి, వేళ్లను కొంచెం ఆరనిచ్చి నాటుకోవడం మంచిది. మిశ్రమానికి ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన దొడ్డు ఇసుక ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు అర వంతు చాలు. కోకోపీట్ ఎక్కువ వేయవద్దు. కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం. పన్నెండు అంగుళాల మట్టి కుండీ, అడుగున రెండు మూడు రంధ్రాలు ఉంటే ప్లాస్టిక్ కన్నా ఎంతో మేలు.

నీళ్ల విషయంలో వారానికి ఇన్నిసార్లు అని లెక్క చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా ఒక అంచనా కావాలంటే, ఎండాకాలంలో వారానికి ఒకసారి, చలికాలంలో పదిహేను రోజులకు ఒకసారి, పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి కారేలా. వానాకాలం మీకు ప్రత్యేకంగా గండం, ఎందుకంటే నైరుతి గాలి తెచ్చే జల్లు నేరుగా పడమటి బాల్కనీకే కొడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండీని గోడ వారకు జరిపి, జల్లు తగలకుండా చూడండి. ఆకుల మీద నల్లటి గుంటల్లాంటి మచ్చలు వచ్చేదీ ఆ తడి రోజుల్లోనే. అది శిలీంధ్రం, మచ్చ పడిన ఆకును తీసి పారేయడమే మందు, దాన్ని ముఖానికి వాడకూడదు. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు పోసేవారికి కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటుంది. కలబంద ఆ ఉప్పును కొంతవరకు ఓర్చుకుంటుంది. అప్పుడప్పుడు మంజీరా నీళ్లో, పట్టిన వాన నీళ్లో ధారాళంగా పోసి కడిగేస్తే సరిపోతుంది. పిండినల్లి పడితే సబ్బు నీళ్లలో ముంచిన దూదితో తుడవండి. ముఖానికి వాడే మొక్క మీద పురుగుమందు చల్లకండి, వేరే మొక్కలకు చల్లేటప్పుడు దీన్ని పక్కకు జరపండి.

ఆకు ఎప్పుడు కోయాలంటే, మొక్క కనీసం రెండేళ్ల వయసుకు వచ్చి, పన్నెండు ఆకుల దాకా ఉన్నప్పుడు. ఒక్కసారికి ఒకటి, మహా అయితే రెండు. మీ మొక్కకు ఇంకా ఆ వయసు రాలేదు, పైగా నీరసించి ఉంది. పలుచబడిన ఆకులో గుజ్జు తక్కువ, తొక్క ఎక్కువ, కాబట్టి ఎంత జాగ్రత్తగా తీసినా పసుపు పాలు కలుస్తాయి. మీకు దురద ఎక్కువగా రావడానికి ఇది కూడా ఒక కారణం అయి ఉండాలి. కొత్త ఆకులు దళసరిగా వచ్చేవరకు దాని జోలికి పోకండి. పక్కన పిలకలు లేస్తే జానెడు పొడవు వచ్చాక వేరుతో సహా విడదీసి, కోసిన చోటు ఆరనిచ్చి, వేరే కుండీలలో పెట్టుకోండి. రెండు మూడు మొక్కలు ఉంటే ఏ ఒక్కదాని మీదా భారం పడదు. ఆకు ముక్కను గుచ్చితే మొక్క వస్తుందని చెబుతుంటారు. అది దాదాపు ఎప్పుడూ కుళ్లిపోతుంది.

తీసిన గుజ్జు మూతపెట్టిన గాజు సీసాలో ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. రంగు గులాబీకో గోధుమకో మారినా, వాసన తేడా వచ్చినా పారేయండి. ఐసు గడ్డల ట్రేలో పోసి గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది, కానీ ఆ గడ్డను నేరుగా చర్మానికి రుద్దకుండా కరగనిచ్చి వాడండి.

దేనికి వాడాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే కలబంద మీద మనవాళ్లు పెట్టుకునే ఆశలు దాని శక్తికి మించినవి. ఎండకు కమిలిన చర్మానికి, చలికాలపు పొడిబారడానికి, వంటింట్లో నూనె చిందిన చిన్నపాటి కాలుడుకు, షేవింగ్ తరువాతి మంటకు ఇది నిజంగా హాయినిస్తుంది. కాలిన గాయాల మీద జరిగిన 4 అధ్యయనాలను, మొత్తం 371 మందిని, కలిపి చూసిన ఒక సమీక్ష 2007లో వచ్చింది. కలబంద వాడినవారిలో గాయం దాదాపు 9 రోజులు ముందుగా మానిందని అందులో తేలింది. ఆ అధ్యయనాల్లో వాడిన తయారీలు ఒకదానికొకటి పోలిక లేనివి కాబట్టి ఆ అంకెను మన కుండీలోని ఆకుకు ఉన్నదున్నట్టు అన్వయించకూడదు. కాలిన వెంటనే చేయవలసింది ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టడం, కలబంద ఆ తరువాతి సంగతి. మరోవైపు, ఆపరేషన్ తరువాత విచ్చుకున్న కుట్ల గాయాలకు కలబంద జెల్ వాడితే మానడం ఆలస్యమైందని 1991లో ఒక అధ్యయనం చూపింది. లోతైన గాయం, కుట్లు, బొబ్బ చిట్లిన చోటు, ఇక్కడ కలబంద వద్దు.

సోరియాసిస్ విషయంలో ఫలితాలు రెండు రకాలుగానూ ఉన్నాయి. 1996 నాటి అధ్యయనంలో మంచి గుణం కనిపించింది, 2005 నాటి అధ్యయనంలో కలబంద లేని ఉత్త జెల్ కన్నా మేలేమీ కనిపించలేదు. తామరకు, గజ్జికి ఇది మందు కాదు, తడి పెరిగి తామర ఇంకా పాకవచ్చు. మంగు మచ్చలు కలబందతో పోయాయని చెప్పేవారిని అడిగితే, ఆ రోజుల్లో ఎండకు కండువా కప్పుకోవడమో, సన్‌స్క్రీన్ మొదలుపెట్టడమో కూడా చేశారని తెలుస్తుంది; నా అనుభవంలో ఫలితం అలా ఎండ తగలకుండా చూసుకోవడానిదే, కలబందది కాదు. కలబంద సన్‌స్క్రీన్‌కు బదులు కానే కాదు. మంగుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్లు ఉంటాయి. 2018లో ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అలాంటి క్రీము కొన్నాళ్లుగా వాడుతున్నవారి చర్మం పలుచబడి ఉంటుంది, దానికి కలబందే కాదు, ఏది రాసినా మండుతుంది. మీరు అలాంటిదేమైనా వాడుతుంటే ఇప్పటిదాకా నేను చెప్పినదానికన్నా అదే ముందుగా చూసుకోవలసిన విషయం, అది వైద్యుల పని.

చివరగా, దుకాణపు జెల్ ఎందుకు దురద పెట్టలేదని అడిగారు. కంపెనీలు గుజ్జును వడపోసి అలోయిన్‌ను దాదాపుగా తీసేస్తాయి. చాలా జెల్‌లలో కలబంద వాటా కూడా కొద్దే, మిగిలినది నీరు, చిక్కదనానికి కార్బోమర్, నిల్వకు ప్రిజర్వేటివ్. ముదురు ఆకుపచ్చగా ఉంటే అది కలిపిన రంగు, అసలు గుజ్జుకు రంగు ఉండదు. పదార్థాల జాబితాలో కలబంద మొదటి రెండు మూడు పేర్లలో ఉండి, పరిమళం, రంగు లేనిది దొరికితే మీ మొక్క కోలుకునేదాకా అదే వాడుకోండి. అది నకిలీ అనో, ఇంట్లో తీసినదాని కన్నా తక్కువ అనో అనుకోనక్కరలేదు.